నేరశాస్త్రంలో కొత్త దారులు: పరిశోధన, నివారణ

నేరాన్ని, నేరం చేసినవారిని, బాధితులను, వీరందరి పట్ల సమాజం, ప్రభుత్వం ప్రవర్తించే తీరును కలిపి పరిశీలించే శాస్త్రం నేరశాస్త్రం. ఏది నేరమో, దానికి ఎంత శిక్షో న్యాయశాస్త్రం చెబుతుంది. ఫలానా నేరం ఎవరు చేశారో తేల్చే ఆధారాలను ఫోరెన్సిక్ శాస్త్రం సేకరిస్తుంది. నేరశాస్త్రం వేసుకునే ప్రశ్నలు వేరు. నేరాలు ఎందుకు జరుగుతాయి? కొన్ని చోట్లే ఎందుకు ఎక్కువ? ఏం చేస్తే తగ్గుతాయి? వీటికి జవాబుల కోసం సామాజిక శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, గణాంకాలు, అర్థశాస్త్రం, భూగోళం, వైద్యం ఇక్కడ కలిసి పనిచేస్తాయి.

గత 50 ఏళ్లలో ఈ రంగంలో రెండు పెద్ద మార్పులు వచ్చాయి. నేరస్థుడు ఎలాంటివాడు అన్న పాత ప్రశ్నకు తోడు, నేరానికి అవకాశం ఎలా దొరికింది అన్న ప్రశ్న ముందుకొచ్చింది. నివారణ పథకాలను మంచి ఉద్దేశం చూసి కాకుండా, ప్రయోగం చేసి ఫలితం కొలిచాకే కొనసాగించాలన్న పట్టుదల పెరిగింది. మనుషుల మీద ముద్ర వేయకుండానే నేరాలను తగ్గించవచ్చని ఈ రెండూ చూపించాయి. కొత్త నేరశాస్త్రం సాధించిన వాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

చారిత్రక నేపథ్యం

ఇటలీకి చెందిన చెజారె బెక్కారియా 1764లో నేరాలు, శిక్షల మీద రాసిన పుస్తకంతో ఆధునిక చర్చ మొదలైంది. శిక్ష ఎంత కఠినంగా ఉందన్న దానికన్నా, ఎంత తప్పనిసరిగా, ఎంత త్వరగా పడుతుందన్నదే మనిషిని ఆపుతుందని ఆయన వాదించాడు. 19వ శతాబ్దం మొదటి సగంలో గణాంక పరిశోధకులు కెట్లే, గెర్రీ నేరాల లెక్కలను పటాల మీదికి ఎక్కించి, అవి ఏటా దాదాపు ఒకే తీరులో జరుగుతున్నాయని చూపించారు. 1876లో వైద్యుడు చెజారె లాంబ్రోసో మాత్రం కొందరు పుట్టుకతోనే నేరస్థులని, పుర్రె ఆకారం, ముఖ కవళికలు చూసి వారిని గుర్తుపట్టవచ్చని ప్రకటించాడు. ఈ సిద్ధాంతం తర్వాత పరీక్షకు నిలవలేదు. కానీ దాని వెనకున్న ఆలోచన అప్పటికే చట్టంగా మారిపోయింది.

భారతదేశంలో బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 నాటి సవరణ చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఈ చట్టం కింద ఏ తప్పూ చేయనివారైనా సరే, ఫలానా తెగలో పుట్టినందుకే పేరు నమోదు చేయించుకోవాలి, పోలీసులకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాలి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఈ చట్టం కిందే 1910వ దశకంలో ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్‌మెంటు. తీరం నుంచి లోపలి ప్రాంతాలకు ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకునే ఈ సంచార వ్యాపారుల బతుకుతెరువును రైళ్లు, ఉప్పు మీద ప్రభుత్వ విధానాలు ఎలా దెబ్బతీశాయో, ఆ తర్వాత వారి మీద నేరస్థులన్న ముద్ర ఎలా పడిందో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథంలో వివరించారు.

1952లో చట్టం రద్దయింది. ముద్ర మాత్రం అంత తొందరగా చెరగలేదు. విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలతా లవణం 1970వ దశకం నుంచి స్టువర్టుపురంలో పునరావాసం కోసం పనిచేశారు. ఆ చట్టం నుంచి బయటపడిన విముక్త జాతులను అలవాటు నేరస్థులుగా చూసే నిబంధనలు, కులాన్నిబట్టి పని అప్పగించే నిబంధనలు జైలు మాన్యువళ్లలో ఇంకా ఉన్నాయని గమనించిన సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో వాటిని కొట్టేసింది.

పుట్టుకలో నేరాన్ని వెతికే ఈ ఆలోచనకు బదులు, 20వ శతాబ్దంలో షికాగో పరిశోధకులు క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే మరో దారి చూపారు. కొన్ని పేటల్లో కాపురముండే వలస సమూహాలు మారిపోతున్నా బాలనేరాల రేటు ఎక్కువగానే ఉంటోందని, కాబట్టి కారణాన్ని జాతిలో కాక పేట పరిస్థితుల్లో వెతకాలని వారు తేల్చారు. 1939లో ఎడ్విన్ సదర్లాండ్ కంపెనీ అధికారులు, వృత్తి నిపుణులు చేసే వైట్ కాలర్ నేరాలను చర్చకు తెచ్చి, నేరం పేదవారి లక్షణమన్న నమ్మకాన్ని ప్రశ్నించాడు.

అవకాశం మీద దృష్టి

1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ ఒక సూటి సూత్రం చెప్పారు. నేరం చేయాలనుకునే మనిషి, చేతికందే వస్తువు లేదా వ్యక్తి, కాపలా లేకపోవడం, ఈ మూడూ ఒకే చోట ఒకే సమయంలో కలిస్తేనే నేరం జరుగుతుంది. ఒక్కటి తప్పించినా నేరం జరగదు. దీన్ని ఆచరణలో పెట్టే పద్ధతిని బ్రిటన్‌లో రొనాల్డ్ క్లార్క్ రూపొందించాడు. నేరాన్ని కష్టతరం చేయడం, పట్టుబడే ప్రమాదం పెంచడం, లాభం తగ్గించడం, రెచ్చగొట్టే పరిస్థితులు తొలగించడం, సాకులకు తావు లేకుండా చేయడం అనే 5 వర్గాల కింద 25 ఉపాయాలను అతనూ డెరెక్ కార్నిష్ 2003లో క్రోడీకరించారు.

ఈ సిద్ధాంతానికి ఒక రుజువు అనుకోకుండా దొరికింది. పశ్చిమ జర్మనీలో 1980లో హెల్మెట్ లేకుండా బండి నడిపేవారికి అక్కడికక్కడే జరిమానా వేయడం మొదలుపెట్టారు. 1986 నాటికి మోటారు సైకిళ్ల దొంగతనాలు దాదాపు మూడో వంతుకు పడిపోయాయి. అప్పటికప్పుడు బండెక్కి పోదామనుకునేవాడి దగ్గర హెల్మెట్ ఉండదు. అది లేకుండా రోడ్డెక్కితే పోలీసులు ఆపుతారు. అక్కడ దొంగల మనసులేమీ మారలేదు, అవకాశం మాత్రం తగ్గింది. బళ్లు దొరకనివారంతా కార్లు, సైకిళ్ల మీద పడతారన్న అనుమానానికి తగ్గట్టుగా ఆ దొంగతనాలు అంత మేర పెరగనూ లేదు.

ఇంగ్లండులోని రోచ్‌డేల్ దగ్గర కిర్క్‌హోల్ట్ అనే కాలనీలో 1980వ దశకం మధ్యలో జరిగిన పని ఇంకా వివరమైనది. ఇళ్లలో దొంగలు పడటం అక్కడ మామూలైపోయింది. ఒకసారి దొంగతనం జరిగిన ఇంట్లోనే మళ్లీ జరిగే ప్రమాదం చాలా ఎక్కువని పరిశోధకులు గమనించారు. దొంగలకు ప్రధాన ఆకర్షణ చాలా ఇళ్లలో ఉన్న, నాణేలు వేసి వాడుకునే విద్యుత్తు, గ్యాస్ మీటర్లు. ఆ మీటర్లను తీసేశారు. దొంగలు పడిన ఇళ్ల తలుపులు, కిటికీలు గట్టిపరిచారు. ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉండమని ఇరుగుపొరుగు ఇళ్లవారిలో కొద్దిమందిని కోరారు. కాలనీలో దొంగతనాలు బాగా తగ్గాయి. జరిగిన చోటే మళ్లీ జరగకుండా చూడటం ఆ తర్వాత నివారణ శాస్త్రంలో స్థిరమైన సూత్రమైంది.

చోటు లెక్క

నేరాలు నగరమంతా సమానంగా పరుచుకోవు. అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో పోలీసులకు వచ్చిన ఫోన్లను లారెన్స్ షెర్మన్ బృందం పరిశీలిస్తే, దాదాపు 3 శాతం చిరునామాల నుంచే సగం ఫోన్లు వచ్చినట్టు 1989లో తేలింది. అనేక నగరాల్లో ఇదే తీరు కనిపించడంతో, నేరాలు కొద్ది చోట్ల కుప్పపడటం ఒక నియమమని డేవిడ్ వైజ్‌బర్డ్ ప్రతిపాదించాడు. ఒక పేటంతా చెడ్డదనే మాట సాధారణంగా తప్పు. చెడ్డపేరున్న పేటలో కూడా చాలా వీధులు ప్రశాంతంగానే ఉంటాయి.

1972-73లో కాన్సస్ సిటీలో చేసిన ప్రయోగంలో కొన్ని బీట్లలో మామూలు గస్తీని ఎత్తేశారు, కొన్నిటిలో రెండు మూడు రెట్లు పెంచారు, కొన్నిటిని ఉన్నట్టే ఉంచారు. నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఊరంతా తిరిగే గస్తీతో ఫలితం లేదని దానితో అర్థమైంది. తర్వాత మినియాపొలిస్‌లో నేరాలు కుప్పపడిన 110 చోట్లను ఎంచుకుని, సగం చోట్ల గస్తీ పెంచితే అక్కడ నేరాలు, అల్లర్లు తగ్గాయి. ఒక చోట గంటల తరబడి నిలబడనక్కర్లేదని, పావుగంటపాటు ఉండి, మళ్లీ మళ్లీ వస్తూ ఉంటే చాలునని క్రిస్టఫర్ కోపర్ విశ్లేషణలో తేలింది. ఇక్కడ అడ్డుకుంటే పక్క వీధికి పోతారన్న వాదననూ పరీక్షించారు. జెర్సీ సిటీ అధ్యయనంలో పక్క వీధుల్లో నేరం పెరగకపోగా, అక్కడా కొంత మేలు జరిగినట్టు కనిపించింది.

ఇవన్నీ పోలీసులతోనే కానవసరం లేదు. ఫిలడెల్ఫియాలో చెత్తతో నిండిన 541 ఖాళీ స్థలాలను లాటరీ పద్ధతిలో విభజించి, కొన్నిటిని శుభ్రం చేసి గడ్డి, చెట్లు నాటారు. దారిద్ర్యరేఖకు దిగువనున్న పేటల్లో ఆ స్థలాల చుట్టూ తుపాకీ హింస 29 శాతం తగ్గినట్టు 2018లో ప్రచురించిన ఫలితాలు చెప్పాయి. న్యూయార్క్ ప్రభుత్వ గృహ సముదాయాల్లో వీధి దీపాలు పెంచితే రాత్రివేళ ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు సుమారు 36 శాతం తగ్గాయి. అంటే నేర నివారణలో మున్సిపాలిటీకి పోలీస్ స్టేషన్‌తో సమానమైన బాధ్యత ఉందన్నమాట.

జీవితకాల అధ్యయనాలు

కొందరి జీవితాలను దశాబ్దాల తరబడి అనుసరించే అధ్యయనాలు మరో ముఖ్యమైన దారి. 1945లో పుట్టి ఫిలడెల్ఫియాలో పెరిగిన 9,945 మంది బాలుర రికార్డులను మార్విన్ వోల్ఫ్‌గాంగ్ బృందం పరిశీలించింది. వారిలో 6 శాతం మందే సగానికి పైగా నేరాలు చేశారు. కౌమారంలో దారి తప్పేవారు చాలామంది ఉంటారని, పెద్దయ్యాక వారిలో ఎక్కువమంది సర్దుకుంటారని, చిన్నతనం నుంచీ కొనసాగేవారు కొద్దిమందేనని టెర్రీ మోఫిట్ 1993లో విడమరిచింది. అదే ఏడాది రాబర్ట్ శాంప్సన్, జాన్ లాబ్ పాత బాలనేరస్థుల జీవితాలను తిరగేసి, నిలకడైన ఉద్యోగం, మంచి దాంపత్యం లాంటి మలుపులు పెద్దయ్యాక కూడా మనిషిని నేరం నుంచి మళ్లిస్తాయని చూపించారు. జైలు నుంచి వచ్చినవారికి పని ఇవ్వకపోతే, నేరం మానేందుకున్న బలమైన దారిని సమాజమే మూసేసినట్టవుతుంది.

పరీక్షకు నిలిచిన పథకాలు, నిలవనివి

మంచి ఉద్దేశంతో చేసిన పని మంచే చేస్తుందన్న నమ్మకాన్ని కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ అధ్యయనం గట్టిగా కుదిపేసింది. అమెరికాలో 1939లో మొదలైన ఈ పథకంలో సగం మంది అబ్బాయిలకు ఏళ్ల తరబడి సలహాదారుల అండ, చదువులో సాయం, వైద్యం, వేసవి శిబిరాలు అందించారు. మిగతా సగానికి ఏమీ ఇవ్వలేదు. 30 ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ వారి వివరాలు సేకరించి 1978లో ప్రచురించింది. సాయం పొందినవారిలో చాలామంది అది తమకు మేలు చేసిందని చెప్పారు. కానీ మద్యపాన వ్యసనం, మానసిక రుగ్మత, మళ్లీ నేరం చేయడం, ముందుగా చనిపోవడం వంటి కొలతల్లో వారి పరిస్థితే రెండో గుంపుకన్నా అధ్వానంగా ఉంది. పోల్చి చూడటానికి రెండో గుంపు లేకపోతే ఈ నిజం ఎవరికీ తెలిసేది కాదు.

పిల్లలను జైలుకు తీసుకెళ్లి, ఖైదీలతో భయపెట్టించే కార్యక్రమాలదీ ఇదే కథ. చూడటానికి గట్టి మందులా కనిపించినా, వాటికి వెళ్లిన పిల్లలు వెళ్లనివారికన్నా ఎక్కువ నేరాలు చేసినట్టు అనేక ప్రయోగాల సమీక్షలు తేల్చాయి. మరోవైపు, కోపం ముంచుకొచ్చిన క్షణంలో ఆగి ఆలోచించడం నేర్పే శిక్షణ మేలు చేసింది. షికాగో పాఠశాలల్లో ‘బికమింగ్ ఎ మ్యాన్’ కార్యక్రమం నడిచినంతకాలం హింసాత్మక నేరాల అరెస్టులు దాదాపు సగానికి తగ్గాయి. లైబీరియాలో ఇలాంటి శిక్షణకు కొంత నగదు తోడు చేస్తే, పదేళ్ల తర్వాత కూడా ఫలితం మిగిలింది.

హింస ఒక ప్రజారోగ్య సమస్య

వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ముఖ శస్త్రచికిత్స చేసే వైద్యుడు జొనాథన్ షెపర్డ్, కొట్లాటల్లో గాయపడి తన దగ్గరికి వచ్చేవారిలో చాలామంది సంగతి పోలీసులకు తెలియనే తెలియదని గుర్తించాడు. అత్యవసర విభాగంలో చీటీ రాసే సిబ్బంది మరికొన్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు: దాడి ఎక్కడ జరిగింది, ఎప్పుడు, ఏ ఆయుధంతో? పేర్లు తీసేసి ఆ సమాచారాన్ని పోలీసులకు, నగర పాలక సంస్థకు ఇచ్చారు. దాన్ని బట్టి గస్తీ వేళలు మార్చారు, గొడవలు జరిగే బార్ల మీద నిఘా పెట్టారు, పగిలితే ఆయుధమయ్యే గాజు గ్లాసుల వాడకం తగ్గించారు. హింస వల్ల ఆసుపత్రిలో చేరేవారి సంఖ్య పోల్చదగ్గ ఇతర నగరాలకన్నా 42 శాతం తగ్గినట్టు 2011 నాటి అధ్యయనం చెప్పింది. స్కాట్లాండ్‌లో గ్లాస్గో ప్రాంత పోలీసులు 2005లో నెలకొల్పిన హింస తగ్గింపు విభాగం కూడా వైద్యులను, టీచర్లను, పోలీసులను ఒకచోట కూర్చోబెట్టింది.

బాధితుల వైపు నుంచి

నమోదైన కేసులు మాత్రమే చూస్తే నేరం అసలు పరిమాణం తెలియదు. అందుకే అమెరికా 1970వ దశకం నుంచి, బ్రిటన్ 1982 నుంచి ఇంటింటి సర్వేలు చేసి, పోలీసుల దాకా రాని నేరాలనూ లెక్కగడుతున్నాయి. అలాంటి జాతీయ సర్వే భారతదేశంలో ఏటా జరగడం లేదు. మనకు ప్రధాన ఆధారం 1953 నుంచి వెలువడుతున్న, ఇప్పుడు జాతీయ నేర రికార్డుల బ్యూరో తెస్తున్న వార్షిక నివేదికే.

ఈ లెక్కలను ఎలా చదవాలో మధ్యప్రదేశ్‌లోని 180 పోలీస్ స్టేషన్లలో జరిగిన ప్రయోగం చెబుతుంది. కొన్ని స్టేషన్లలో మహిళా హెల్ప్ డెస్కులు పెట్టి, సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. అక్కడ మహిళల ఫిర్యాదుల నమోదు పెరిగింది. 2022లో ఫలితాలు ప్రచురించిన పరిశోధకులు దీన్ని వైఫల్యంగా కాక విజయంగా చూశారు. గడప దాటి స్టేషన్‌కు వచ్చిన స్త్రీ మాటను రాసుకునేవారు దొరికారని దాని అర్థం. కేసులు పెరిగాయంటే నేరాలు పెరిగాయని వెంటనే రాసేసే వార్తలు, ఫిర్యాదు తీసుకునే అధికారికే చెడ్డపేరు తెస్తాయి.

నేరం చేసినవారు, బాధితులు, ఇరువైపుల కుటుంబాలు ఎదురెదురుగా కూర్చుని నష్టాన్ని ఎలా పూడ్చాలో తేల్చుకునే పునరుద్ధరణ న్యాయం 1974లో కెనడాలోని ఒంటారియోలో చిన్నగా మొదలైంది. న్యూజిలాండ్ 1989లో బాలల చట్టంలో కుటుంబ సమావేశాలను భాగం చేసింది. మన దేశంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కొన్ని చిన్న నేరాలకు సమాజసేవను శిక్షగా చేర్చింది. జైళ్లలో ఉన్నవారిలో దాదాపు నాలుగింట మూడొంతులు విచారణ ఖైదీలే అయిన దేశంలో ఈ దారిని ఇంకా విస్తరించాల్సిన అవసరం ఉంది.

సైబర్ నేరాలు

2022లో దేశంలో నమోదైన 65,893 సైబర్ నేరాల్లో 15,297 తెలంగాణవే. నమోదులో చూపిన శ్రద్ధ కూడా ఈ అంకెలో కలిసి ఉంటుంది. 2024లో సైబర్ మోసాల్లో దేశ ప్రజలు సుమారు రూ.22,845 కోట్లు పోగొట్టుకున్నారని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది.

ఇక్కడ పనికొచ్చే పద్ధతి, నేరాన్ని అంచెలంచెలుగా విడదీసి చూడటం. ‘డిజిటల్ అరెస్ట్’నే తీసుకుంటే, మీ పేరున వచ్చిన పార్శిల్‌లో మత్తుమందులు దొరికాయని ఫోన్ వస్తుంది. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకున్న మనిషి కనిపిస్తాడు. ఎవరికీ చెప్పొద్దని, కాల్ కట్ చేయొద్దని బెదిరిస్తాడు. విచారణ పేరుతో డబ్బు వేయించుకుంటాడు. ఆ డబ్బు అద్దెకు తీసుకున్న మ్యూల్ ఖాతాల గుండా నిమిషాల్లో చీలిపోతుంది. ప్రతి అంచెలోనూ తుంచేందుకు ఒక చోటుంది: సిమ్ కార్డు, వీడియో కాల్, బ్యాంకు బదిలీ, మ్యూల్ ఖాతా. సైబర్ మోసాల ఫిర్యాదుకు ఉన్న 1930 హెల్ప్‌లైన్ నంబరు చివరి అంచెల మీద పనిచేస్తుంది. వెంటనే ఫోన్ చేస్తే, డబ్బు చేతులు మారేలోగా ఖాతాను స్తంభింపజేసే వీలుంటుంది. చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదన్న ఒక్క సంగతి తెలిసినా మొదటి అంచెలోనే మోసం ఆగిపోతుంది.

అవతలి వైపు మాట్లాడేవారంతా స్వచ్ఛందంగా నేరానికి దిగినవారు కారు. మియన్మార్‌లో కనీసం 1.2 లక్షల మందిని, కంబోడియాలో దాదాపు లక్ష మందిని మోసాల కేంద్రాల్లో నిర్బంధించి పనిచేయిస్తున్నట్టు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది. ఉద్యోగాల ఆశతో కంబోడియా వెళ్లి ఇలా చిక్కుకున్న తెలుగు యువకుల ఉదంతాన్ని 2024లో విశాఖపట్నం పోలీసులు వెలుగులోకి తెచ్చారు. నేరం చేసినవారు, బాధితులు అన్న గీత ఇక్కడ చెరిగిపోతుంది. ఊళ్లలోని నకిలీ ఉద్యోగ ఏజెంట్లను అరికట్టడం కూడా సైబర్ నేర నివారణే.

పర్యావరణ నేరాలు

1990వ దశకం నుంచి అడవులు, వన్యప్రాణులు, గాలి, నీటికి జరిగే హానిని అధ్యయనం చేసే హరిత నేరశాస్త్రం ఎదిగింది. శేషాచలం కొండల్లోని ఎర్రచందనం దీనికి మన ముంగిటి ఉదాహరణ. సహజంగా చాలా పరిమితమైన ప్రాంతంలో పెరిగే ఈ చెట్టుకు గిరాకీ ఉన్నది విదేశాల్లో. గొడ్డలి పట్టేది కొండ ప్రాంతాల నుంచి వచ్చే పేద కూలీలు. లాభం మధ్యవర్తులకు, రవాణాదారులకు, ఎగుమతిదారులకు చేరుతుంది. 2015 ఏప్రిల్‌లో అక్కడ పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. గొలుసులో అన్నిటికన్నా కింద ఉన్నవారి మీదే బలం ప్రయోగిస్తే గొలుసు తెగదు. కొత్త కూలీలు వస్తారు. నిఘాను డబ్బు వైపు, ఓడరేవుల వైపు, కొనుగోలుదారుల వైపు తిప్పాలన్నది హరిత నేరశాస్త్రం చెప్పే మాట.

అల్గారిథమ్‌లు, పాత ముద్ర

రేపు నేరం ఎక్కడ జరుగుతుందో, ఎవరు చేస్తారో కంప్యూటర్ ముందే చెబుతుందన్న ఆశతో 2010 తర్వాత అమెరికా నగరాలు ప్రెడ్‌పోల్ లాంటి సాఫ్ట్‌వేర్లు వాడాయి. పోలీసులు ఇదివరకు ఎక్కువగా వెళ్లిన పేటల్లో అరెస్టులు ఎక్కువ. ఆ లెక్కలతో నేర్చుకున్న యంత్రం మళ్లీ అక్కడికే వెళ్లమంటుంది. ఓక్లాండ్ మాదకద్రవ్యాల కేసుల సమాచారంతో క్రిస్టియన్ లమ్, విలియం ఐజాక్ 2016లో దీన్నే చూపించారు. లాస్ ఏంజెలెస్ పోలీసులు 2020లో ఆ సాఫ్ట్‌వేర్‌ను వదిలేశారు. కేవలం వ్యక్తి స్వభావ చిత్రణ ఆధారంగా అతను నేరం చేస్తాడని అంచనా వేసే వ్యవస్థలను ఐరోపా సమాఖ్య 2024 నాటి కృత్రిమ మేధ చట్టంలో నిషేధించింది. తెలంగాణలో పోలీసులు ముఖ గుర్తింపు సాంకేతికతను వాడటం మీద హైకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. చోటును గమనించే సాంకేతికతకు, మనిషిని ముందే అనుమానించే సాంకేతికతకు మధ్య గీత గట్టిగా గీయాలి. 1871 చట్టం చేతిరాత రిజిస్టర్లతో చేసిన పనిని కొత్త యంత్రాలతో మళ్లీ చేయించకూడదు.

భారతదేశంలో పరిశోధన

సాగర్ విశ్వవిద్యాలయంలో 1959లో నేరశాస్త్ర విభాగం ఏర్పడింది. పోలీసు పరిశోధన, అభివృద్ధి బ్యూరో 1970లో, ఢిల్లీలోని జాతీయ నేరశాస్త్ర, ఫోరెన్సిక్ శాస్త్ర సంస్థ 1972లో వచ్చాయి. ప్రయోగ పద్ధతికి మంచి నమూనా రాజస్థాన్‌ది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు అక్కడి పోలీసులతో కలిసి, సిబ్బంది శిక్షణ, బదిలీల మీద తాత్కాలిక నిలుపుదల వంటి సంస్కరణలను వేర్వేరు స్టేషన్లలో పరీక్షించారు. శిక్షణ పనిచేసింది. కింది స్థాయిలో సరిగా అమలుకాని సంస్కరణలు ఫలితమివ్వలేదు. మందు తాగి నడిపేవారి కోసం ఒకే చోట తనిఖీ పెట్టేకన్నా, చోట్లు మారుస్తూ పెడితే రాత్రి ప్రమాదాలు తగ్గాయి.

తెలుగు రాష్ట్రాల్లో ప్రయత్నాలకు కొదవ లేదు. హైదరాబాద్‌లో 2014లో మొదలైన షీ టీమ్స్ బస్టాపుల్లో, కాలేజీల దగ్గర మఫ్టీలో నిలబడి వేధింపులను అడ్డుకుంటాయి. కొరత ఉన్నది కొలతలో. ఒక పథకాన్ని రాష్ట్రమంతా ఒకేసారి ప్రారంభించకుండా, ముందు కొన్ని మండలాల్లో పెట్టి, మిగతా మండలాలతో పోల్చి చూడవచ్చు. స్టేషన్ల వారీ సమాచారాన్ని విశ్వవిద్యాలయాలకు అందుబాటులో ఉంచవచ్చు. ఆసుపత్రుల గాయాల వివరాలను కార్డిఫ్ తరహాలో వాడుకోవచ్చు. ఏటా బాధితుల సర్వే చేయవచ్చు. వీటిలో ఏదీ భారీ ఖర్చు కోరదు, ఏదీ ఏ కులం మీదా, ఏ పేట మీదా ముద్ర వేయదు. ఈ పథకం వల్ల నేరం నిజంగా తగ్గిందా అన్న ప్రశ్నను అధికారులు, పాత్రికేయులు, ప్రజలు ప్రతిసారీ అడగడం మొదలైన రోజున మన దగ్గర నేర నివారణ శాస్త్రంగా నిలబడుతుంది.